మిగులు

శుక్రవారం పొద్దున నా చేతిలో ఉన్నవి ఇవి: గల్ఫులో, డేరా అనే పేటలో ఒక గుడ్డల అంగడి, దాని వెనక గదిలో పైకప్పు దాకా పేర్చిన ముదురాకుపచ్చ దుపట్టాలు, మొన్న బుధవారం నుంచి నాతో మాట్లాడని కూతురు, అదే బుధవారం నుంచి మాట్లాడటం ఆపని భార్య.

మర్నాడు స్కూల్లో ఏం చెప్పాలన్నది మాత్రం చేతికి చిక్కలేదు.

"అంతా మీ నోట్లోంచి వచ్చిందే," అంది జైబున్నీసా, టీ గ్లాసు నా ముందు పెడుతూ.

"నా నోట్లోంచి అన్నం దగ్గర వచ్చింది. దాన్ని మీటింగు దాకా మోసింది నీ కూతురు."

"మెడల్ తెచ్చినప్పుడు మీ కూతురు. ఇట్టాంటప్పుడు నా కూతురు."

లోపల గదిలో ఫైజా వింటూనే ఉంది. తలుపు తెరిచే ఉంది. పేపర్లు దిద్దుతున్న చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైంది.

శనివారం మీటింగులో ప్రిన్సిపల్ నన్ను అడగబోయేది ఒక్కటే ప్రశ్న. ఆ మాట నేను అన్నానా, అనలేదా? అన్నానంటే ఆ స్కూలు యూనిఫారం గుడ్డ నా అంగడి నుంచి పోతుంది. అనలేదంటే మా ఫైజా అబద్ధాలకోరు అవుతుంది, అక్కడ టీచరుగా దానికి చోటుండదు.

గొడవ గేటు దగ్గర మొదలైంది. ఆ స్కూల్లో ఆడపిల్లలు సల్వారు కమీజు మీద మడతపెట్టిన దుపట్టా వేసుకుని రెండు భుజాల మీదా పిన్నులు పెట్టుకోవాలి. పిన్ను సరిగ్గా ఉందో లేదో పొద్దున్నే క్లాసు టీచర్లు గేటు దగ్గర నిలబడి చూడాలి. లేని పిల్లని పక్కన ఎండలో నిలబెట్టాలి. మగపిల్లల ఒంటి మీద ఏమీ వెతకనప్పుడు ఆడపిల్లల భుజాలు నేను వెతకనని జనవరిలో ఫైజా అంది. హైదరాబాదు యూనివర్సిటీలో చదివి వచ్చిన పిల్ల. అనగలదు.

అంతటితో తల్లిదండ్రుల కౌన్సిల్ రెండుగా చీలింది. ఒక పక్షానికి కౌన్సిల్ ప్రెసిడెంటు వీరరాఘవరావు పెద్ద. ఆయిల్ కంపెనీలో ఆఫీసరు, తెలుగు సంఘం పత్రికలో వ్యాసాలు రాస్తాడు. దుపట్టా ఆడవాళ్లకు వేల ఏళ్లుగా వేసిన సంకెల అన్నాడు. రెండో పక్షానికి మా నెల్లూరు జిల్లావాడే, ఖాదర్ హుస్సేన్ పెద్ద. దుపట్టా వేల ఏళ్లుగా వస్తున్న పరువు అన్నాడు.

నాకు ఎవరితోనూ పేచీ లేదు. రెండు పక్షాల పిల్లలూ తొడుక్కునేది నా గుడ్డే.

బుధవారం మీటింగులో ఈ వేల ఏళ్ల వాదన సాగుతుండగా ఫైజా లేచి నిలబడిందట. "వేల ఏళ్లు కాదు సార్, పదిహేనేళ్లు," అందట. "సల్వార్లు కత్తిరించినాక పక్కన మిగిలే గుడ్డని మా నాన్న పారేయలేక దుపట్టా చేశారు. మా అంగట్లో దానికి దుపట్టా అనే పేరే లేదు. మిగులు అంటారు."

మిగులు. ఆ ఒక్క మాటతో మీటింగు ఆగిపోయింది.

మాట నిజమే. నేను దాచుకోవలసినంత తప్పు కూడా కాదు. గుడ్డ తాను పన్నా, అంటే వెడల్పు, పెద్దది; పిల్లల సల్వారు చిన్నది. కత్తిరించినాక తాను పొడవునా పక్కన జానెడు గుడ్డ మిగిలేది. వ్యాపారం తెలిసినవాడెవడూ దాన్ని చెత్తలో వెయ్యడు. మడతలు పెట్టించి, అంచు కుట్టించి అప్పటి ప్రిన్సిపల్ ముందు పెట్టాను. చాలా హుందాగా ఉంది జానీ బాషా గారూ అన్నాడు. హుందాతనాన్ని దానికి అంటించింది ఆయనే కాని నేను కాదు. తరువాత పక్క స్కూళ్లు కూడా అడిగాయి.

ఈ సంగతి ఇంట్లో నవ్వుకుంటూ ఎన్నిసార్లు చెప్పానో. చిన్నప్పుడు ఫైజాకు అది కథ. నిద్రపోయే ముందు అడిగి చెప్పించుకునేది.

పదిన్నరకు ఖాదర్ హుస్సేన్ వచ్చాడు. జుమ్మాకు తయారై, అత్తరు పూసుకుని, మసీదుకు పోయే దారిలో. లోపలికి రమ్మంటే వచ్చాడు కానీ కూర్చోలేదు.

"జానీ భాయ్, నేను తగాదాకి రాలా," అన్నాడు.

"కూర్చో అయితే."

"కూర్చుంటే తగాదా అయిద్ది."

తనను నానా అని పిలిచే మనవరాలి సంగతి చెప్పాడు. బుధవారం సాయంత్రం ఆ పిల్ల వచ్చి, నానా, మనం ఇన్నాళ్లూ వేసుకున్నది పారేసే గుడ్డంట కదా అని అడిగిందట. ఆ మాట చెబుతూ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. కోపం కాదది. ఆ పిల్లకు మొదటిసారి పిన్ను పెట్టింది ఆయనే, మా అమ్మ ఇట్టా పెట్టుకునేది అని చెప్పి మరీ.

"గుడ్డ నువ్వు ఎట్టా కోసినావో నాకు పన్లేదు. మేం దాన్ని ఎట్టా వేసుకున్నామో అదీ దాని విలువ. రేపు ఆ మాట అనలేదని చెప్పు. ఖలాస్."

"అట్టా చెప్తే ఫైజా ఏమైతది?"

"ఆడపిల్ల. తప్పైందంటే పెద్దలు వింటారు," అన్నాడు. నా దుపట్టాలు ఎప్పటిలాగే అమ్ముడుపోతాయని కూడా అన్నాడు, తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ.

నమాజు తరువాత మా బామ్మర్ది సనావుల్లా భోజనానికి వచ్చాడు. జైబున్నీసా తమ్ముడు. అంగట్లో కత్తెర అతనిదే. కావలిలో కుర్రతనంలో నా దగ్గర పని నేర్చుకున్నాడు. నేను వీసా తీసి పిలిపించిన మొదటి మనిషి. ప్రతి శుక్రవారం మా ఇంట్లోనే తింటాడు, తింటూ ఫైజాను ఆట పట్టిస్తాడు.

ఆ రోజు పట్టించలేదు. పలావు కలుపుతుంటే చూశాను, కుడిచేతి వేళ్ల కొసల మీద సూది పోట్లు. మా అంగట్లో అంతా మిషను పనే.

"చేత్తో ఏం కుడుతున్నావురా?" అన్నాను.

"రూములో పాత బట్టలు బావా," అన్నాడు.

జైబున్నీసా నా కంచంలో ఇంకో ముక్క వేసింది. వద్దన్నా వేసింది. అంతసేపూ ఆగని ఆమె నోరు ఆ కాసేపు ఆగింది. నేను పట్టించుకోలేదు.

చెయ్యి కడుక్కుంటూ సనావుల్లా నెమ్మదిగా అన్నాడు. "రేపు అవునని చెప్పేయ్ బావా. పిల్ల పరువు ముఖ్యం. అంగడి ఎట్టోకట్టా నడుస్తది."

మేనకోడలి మీద ప్రేమ అనుకున్నాను. మనసులో మెచ్చుకున్నాను కూడా.

పొద్దు వాలాక, అసరు నమాజు వేళకు వీరరాఘవరావు ఫోను చేశాడు. రెండు నెలల కిందట ఈయన మా ఇంటికి వచ్చాడు. ఫైజా చేతి టీ తాగి, మేడం, మీరు ముందు నడవండి, మీ వెనక మేమంతా ఉన్నాం అన్నాడు. ఆ రోజు మా అమ్మాయి ముఖం నాకు ఇంకా గుర్తుంది. నేను ఎప్పుడూ ఇవ్వని మాట ఎవరో ఇచ్చినట్టు వెలిగిపోయింది.

ఆయన మొదట నా ఆరోగ్యం అడిగాడు. తరువాత ఎండలు అప్పుడే ముదిరాయన్నాడు. తరువాత అసలు సంగతికి వచ్చాడు.

"మీ అమ్మాయంటే నాకు చాలా గౌరవం బాషా గారూ. కానీ ఆ మాటతో మా వాదన నడుం విరిచేశారండీ. ఇది పురుషాధిక్యానికి గుర్తు అని మేం మూడు నెలలుగా చెబుతున్నాం. మిగిలిపోయిన గుడ్డ మీద ఎవరైనా ఉద్యమం చేస్తారా, మీరే చెప్పండి?"

"అయితే నన్నేం చెప్పమంటారు?"

"అలా అనలేదని చెప్పండి చాలు. మిగతాది మేం చూసుకుంటాం."

"మా అమ్మాయిని కూడా చూసుకుంటారా?"

అది మేడం వ్యక్తిగత అభిప్రాయం అన్నాడు. కౌన్సిల్‌కు సంబంధం లేదన్నాడు. చిన్న వయసు, వేరే స్కూలు దొరక్కపోదన్నాడు.

ఫోను పెట్టేసి లెక్క చూసుకున్నాను. మూడు నెలలుగా ఒకరి ముఖం ఒకరు చూడని ఇద్దరు పెద్దమనుషులు ఒకే రోజు ఒకే మాట అడిగారు. ఒకాయనకు ఆ గుడ్డ పరువు కావాలి, ఇంకొకాయనకు సంకెల కావాలి. ఇద్దరిలో ఎవరికీ అది గుడ్డ కాకూడదు. ఇద్దరి లెక్కలోనూ తీసివేయవలసింది నా కూతుర్నే.

సాయంత్రం ఫైజా గదిలోకి వెళ్లాను. పేపర్ల మధ్య కూర్చుని ఉంది. మంచం మీద నాకు చోటు చేసింది, మాట లేకుండానే.

"అన్నం దగ్గర మాట అక్కడ ఎందుకు పెట్టినావు?" అన్నాను.

"నిజం కాబట్టి."

"నిజాలు ఇంట్లో శానా ఉండాయి. అన్నీ పెడతావా?"

పెన్ను మూత పెట్టింది. "అబ్బాజాన్, నువ్వు గేటు దగ్గర ఒక్క పొద్దు నిలబడి చూడు. ఆ పిల్లలకి పరువూ తెలీదు, సంకెళ్లూ తెలీదు. పిన్ను గుచ్చుకుంటదని తెలుసు, అంతే. పెద్దోళ్లంతా ఆకాశంలో మాట్లాడుకుంటా ఉంటే దాన్ని కిందికి దించాలనిపించింది. నీ మాట తప్ప నా చేతిలో ఇంకేం లేదు."

"నన్ను అడగాల్సింది."

"అడిగితే వద్దంటావు."

వద్దనేవాణ్ణే. అది నాకూ తెలుసు. వీరరాఘవరావు ఫోను సంగతి చెప్పాను. విని, కిటికీ వైపు తిరిగింది. ఎదురు బిల్డింగు మీద ఆరేసిన దుప్పట్లను చాలాసేపు చూసింది.

"వెనక ఉన్నాం అన్నాడు కదా," అంది చివరికి. అంతే.

నేను లేస్తుంటే అడిగింది. "రేపు ఏం చెప్తావు?"

పేపర్లు దిద్దుకో అని బయటికి వచ్చాను. జవాబు నా దగ్గర ఉంటే కదా చెప్పడానికి.

శనివారం ఇద్దరం నా పికప్‌లోనే వెళ్లాం. మెట్రో పనికి రోడ్డంతా తవ్వి ఉంది, దారి ఎటెటో తిప్పారు. అంత దూరంలో ఫైజా ఒక్కసారే మాట్లాడింది, సిగ్నలు పడిందని చెప్పడానికి.

మీటింగు లైబ్రరీలో పెట్టారు. బల్లకు ఒక వైపు ఖాదర్ హుస్సేన్ మనుషులు, ఒక వైపు వీరరాఘవరావు మనుషులు, తలదగ్గర ప్రిన్సిపల్. ఫైజాకు గోడ పక్కన కుర్చీ వేశారు. అది నాకు నచ్చలేదు.

ముందు వీరరాఘవరావు లేచాడు. దుపట్టా తీసేస్తే దాని బదులు ఏమిటని అడుగుతున్నారు కాబట్టి నమూనా తెప్పించామన్నాడు. సంచిలోంచి చేతుల్లేని కోటు ఒకటి తీశాడు. ముదురాకుపచ్చే. ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకటే వేసుకుంటారు, తేడా ఉండదన్నాడు. ఎవరు కుట్టారని ఎవరో అడిగితే, పేరు తరువాత చెబుతామన్నాడు.

కోటు చేతులు మారుతూ నా దగ్గరకు వచ్చింది.

గుడ్డ ఎలా ఉన్నా నేను ముందు చూసేది కాజాలు. గుండీ పట్టే ఆ కన్నం చూస్తే కుట్టినవాడి సంగతి తెలుస్తుంది. ఇవి మిషను కాజాలు కావు. చేత్తో కుట్టినవి. చివర్ల దారం అడ్డంగా తిప్పి, ముడిని లోపలి మడతలోకి నెట్టేశారు. ఎంత వెతికినా ముడి కనపడదు. ముడిని అలా దాచే చెయ్యి నాకు తెలిసి ఒక్కటే ఉంది. నిన్న మధ్యాహ్నం ఆ చెయ్యి నా ఇంట్లో పలావు కలుపుకుంది.

ఆ చేతికి ఆ ముడి నేర్పింది నేనే.

ఫైజా వైపు చూశాను. అది నన్ను చూడటం లేదు. బల్ల మీద కోటునూ చూడటం లేదు. తెలియనివాళ్లు చూస్తారు. తెలిసినవాళ్లే అలా చూడకుండా కూర్చుంటారు.

సూది పోట్లు గుర్తొచ్చాయి. వద్దన్నా కంచంలో పడ్డ ముక్క గుర్తొచ్చింది. అవునని చెప్పేయ్ బావా అన్న మాట గుర్తొచ్చింది. దుపట్టా పోతే కోటు వస్తుంది. కోటు వస్తే సనావుల్లాకు సొంత అంగడి వస్తుంది. ఇల్లంతా కలిసి కుట్టిన పని. ముడి నాకు మాత్రం కనపడకుండా దాచారు.

అప్పుడే ప్రిన్సిపల్ అడిగింది. "బాషా గారూ, ఆ మాట మీరు అన్నారా?"

అనలేదంటే చాలు, ఆ వేల ఏళ్ల వాదన మళ్లీ మొదటికొస్తుంది, సనావుల్లా కోటు ఆ సంచిలోకి తిరిగి పోతుంది. నా దుపట్టాలు నిలబడతాయి. నన్ను మోసం చేసినవాళ్ల లెక్క అక్కడికక్కడే తీరిపోతుంది. ఖాదర్ హుస్సేన్ తల ఊపాడు. వీరరాఘవరావు కూడా ఊపాడు.

గోడ పక్కన ఫైజా తల ఎత్తింది. బుధవారం తరువాత నా ముఖంలోకి సూటిగా చూడటం అదే మొదలు. చిన్నప్పుడు కథ అడిగినప్పటి చూపు.

"అన్నాను మేడం," అన్నాను. "అది మిగులే. మా అమ్మాయి ఈ స్కూల్లో అబద్ధం చెప్పలా."

అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆ మాటల్లోంచి ఒక ఒప్పందం ఎంత తొందరగా తేలిందో చూసి నాకే ఆశ్చర్యమేసింది. మూడు నెలలుగా కుదరనిది టీ చల్లారేలోపు కుదిరింది. దుపట్టా ఉంటుంది, కానీ ఇక మీద మిగులు గుడ్డతో కాదు, దానికోసమే నేయించిన నిండు గుడ్డతో. అది వేరే అంగడి నుంచి తెప్పిస్తారు. దీంతో ఖాదర్ హుస్సేన్ పరువు నిలబడింది. గుడ్డ ఇంకా పెద్దదైంది కాబట్టి వీరరాఘవరావుకు వ్యాసం రాసుకునే సంకెలా నిలబడింది. కోటు సంగతి తరువాత ఆలోచిస్తారు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

చివర్న ప్రిన్సిపల్ ఫైజాను పిలిచింది. ఫైజా మేడం అబద్ధం చెప్పలేదని తేలింది కాబట్టి ఉద్యోగానికి ఢోకా లేదంది. ఒక్కటే షరతు. ఇక్కడ స్కూలు వారం మొదలయ్యే ఆదివారం పొద్దున అందరు టీచర్లలాగే గేటు దగ్గర నిలబడాలి. బల్ల సొరుగులోంచి పిన్నుల డబ్బా తీసి ఫైజా చేతికిచ్చింది.

ఫైజా తీసుకుంది. నిలబడతాననీ అనలేదు, నిలబడననీ అనలేదు.

కోటు బల్ల మీదే పడి ఉంది. దాన్ని ఎవరూ అడగలేదు. మడిచి చంకలో పెట్టుకుని వచ్చేశాను.

పికప్‌లో పిన్నుల డబ్బా దాని ఒళ్లో ఉంది. రోడ్డు గతుకుల్లో గలగలమంటోంది. సముద్రపు పాయ క్రీక్ మీది వంతెన దాటేదాకా ఊరుకున్నాను.

"ఈ కోటు మీ మామూ కుట్టిందేనని నీకు తెలుసు," అన్నాను.

"కొలతలు నేనే ఇచ్చినా."

"మీ అమ్మీకి?"

"తెలుసు."

"నాకెందుకు చెప్పలా?"

"చెప్తే ఆపేస్తావని." డబ్బా మూత నొక్కి పెట్టి మళ్లీ అంది. "ఎన్నేళ్లుగా కత్తెర పట్టుకున్నాడో, బోర్డు మీద ఒక్క అక్షరం ఆయనది లేదు అబ్బా. సమానం సమానం అని స్కూల్లో చెప్పి ఇంటికొచ్చి ఆయన్ని ఎట్టా చూసేది? నువ్వే పోయి అడుగు, సొంతంగా ఒక ఆర్డరు తెచ్చుకో అని చెప్పినా."

"నా దుపట్టా తీయించి?"

దానికి జవాబు లేదు. కొంతసేపటికి, "కాజా చూసినప్పుడే నీకు తెలిసిపోయింది కదా. అయినా అవునన్నావు. ఎందుకు?" అని అడిగింది.

నేనూ జవాబు చెప్పలేదు. ఒకరికొకరం బాకీ లేకుండా పోయాం, ఆ ఒక్క విషయంలో.

మా బిల్డింగు కింద సనావుల్లా నిలబడి ఉన్నాడు. అంత ఎండలో, ఎప్పటి నుంచి నిలబడ్డాడో. నన్ను చూసి ఎదురొచ్చాడు. ముఖం నిండా ఆశ. దాచుకోవడం ముడికి నేర్పాను కానీ ముఖానికి నేర్పలేదు.

"ఏమైంది బావా?"

కోటు అతని చేతుల్లో పెట్టాను. "కాజాలు బాగా వచ్చినాయి," అన్నాను.

అతను కోటును చూశాడు. ఫైజాను చూశాడు. ఫైజా డబ్బాను రెండు చేతులా పట్టుకుని లిఫ్టు వైపు చూస్తోంది. పై అంతస్తులో కిటికీ తెర కదిలింది, జైబున్నీసా.

మెట్ల మీదే లెక్క వేసుకున్నాను. పోయినవి అందరికీ తెలుసు. వచ్చినవి రెండు. నా కూతురు నలుగురిలో అబద్ధం చెప్పదని తెలిసింది. నా దగ్గర మాత్రం నిజం దాచగలదని తెలిసింది. రెండూ ఒకే తానులోంచి వచ్చిన గుడ్డే. ఆదివారం పొద్దున గేటు దగ్గర అది పిన్ను పట్టుకుంటుందో లేదో చూశాక కానీ, ఆ రెంటిలో అసలు గుడ్డ ఏదో, మిగులు ఏదో నాకు తేలదు.